కొమ్ము నుండి కొమ్ముకు: కాపెల్‌లో పసుపు మొక్కను పెంచుకొనే విధానం

మన ఇళ్ళలో పసుపు లేకుండా జరిగే శుభకార్యం లేదు. పూజకు ముందు పసుపు ముద్దతో విఘ్నేశ్వరుని చేస్తాము. గడపకు పసుపు రాస్తాము. పెండ్లి పనులు పసుపు కొట్టడంతో మొదలవుతాయి. బంగారం అందని చోట పసుపు తాడుకు పసుపు కొమ్మును కట్టి మంగళసూత్రంగా ధరింపజేసే ఆచారం నేటికీ ఉంది. మారిషస్‌లో మన తెలుగువారు జరుపుకొనే అమ్మోరు పండుగ అయినా, కాపెల్ ఇంట జరిగే వరలక్ష్మీ వ్రతమైనా పసుపు లేనిదే అమ్మవారి అలంకారం పూర్తి కాదు.

ఇంతగా వాడే ఈ వస్తువును మనలో చాలామంది పొడి రూపంలోనే ఎరుగుదురు. ఇక్కడ పుట్టిన మన పిల్లలలో పసుపు ఒక మొక్క అని తెలియనివారు కూడా ఉన్నారు. అంగడిలో కొన్న పొడి ఎంత మంచిదైనా మొలకెత్తదు. పచ్చి కొమ్ము మాత్రమే మరొక కొమ్మును కంటుంది. కాపెల్‌లోని ప్రతి ఇంట ఒక కుండీలోనైనా పసుపు మొక్క ఉండాలన్నది మా ఆలయ సమితి కోరిక. అందుకు కారణాలను, పెంచవలసిన పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

విత్తనం లేని మొక్క

పసుపు అల్లం కుటుంబానికి చెందిన బహువార్షిక మూలిక. పైభాగం ఏటా ఎండిపోయినా నేలలోని దుంప ప్రాణంతో ఉండి, వేడి తగలగానే తిరిగి చిగురిస్తుంది. మనకు కాండంలా కనిపించేది నిజమైన కాండం కాదు. అరటిలో వలె ఆకుల తొడిమలు ఒకదానినొకటి చుట్టుకొని అలా నిలబడతాయి. నిజమైన కాండం నేలలో ఉంటుంది. దానినే మనం కొమ్ము అంటాము. నడుమ గుండ్రంగా ఉండేది తల్లి దుంప. దాని ప్రక్కల నుండి వ్రేళ్ళ వలె సాగేవి పిల్ల కొమ్ములు.

ఈ మొక్కకు పువ్వు పూస్తుంది గాని విత్తనం కట్టదు. మామూలు మొక్కల కణాలలో క్రోమోజోములు జంటలుగా ఉంటాయి. పసుపులో అవి మూడేసి చొప్పున, మొత్తం 63 ఉంటాయి. మూడింటిని సమంగా రెండు భాగాలు చేయడం సాధ్యం కాదు కనుక విత్తనం ఏర్పడదు. ఈ చిన్న విషయం నుండి ఒక పెద్ద సంగతి తెలుస్తుంది. గాలికి ఎగిరి గాని, పక్షి ముక్కున గాని పసుపు ఒక దేశం నుండి మరొక దేశానికి పోలేదు. ప్రపంచంలో ఎక్కడ పసుపు మొక్క కనిపించినా, దానిని లేదా దాని తల్లిని ఎవరో ఒకరు చేతితో మోసుకొని వెళ్ళి నాటారన్నమాట.

మన వంశాల ప్రయాణం కూడా మనకు తెలిసినదే. 1834 నుండి మారిషస్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద భారతీయులు వెళ్ళారు. కాకినాడ వద్దనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువారిని కొరింగీలు అని పిలిచారు. మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. 1903 నుండి మద్రాసు ఓడలు ఫిజీకి గిరిమిటి కూలీలను తీసుకొని వెళ్ళాయి. మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటలకు కంగాణీల వెంట మరెన్నో కుటుంబాలు తరలాయి. ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన పత్రంలో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు వ్రాసుకొన్నారు. మూటలోని దుంపలకు ఆ పత్రంలో గడి లేదు.

ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. అన్ని చోట్లకూ పసుపును మనవారే తీసుకొని వెళ్ళలేదు. పసిఫిక్ దీవుల ప్రజలు మనకంటె ఎన్నో తరాల ముందే దానిని తమ పడవలలో దీవి నుండి దీవికి చేరవేశారు. హవాయి ప్రజలు దానిని ఓలెనా అంటారు. మనవారు దిగే నాటికే ఫిజీ, రోటుమా దీవుల ఆచారాలలో పసుపుకు గౌరవ స్థానం ఉంది. మలయాలో దానిని కున్యిత్ అని పిలిచి, ఆకును కూడా వంటలో వేసేవారు. మారిషస్‌లో సఫ్రాన్ అంటారు. పేర్లు ఎన్ని ఉన్నా పద్ధతి ఒక్కటే. ఒక చేయి మరొక చేతికి ఇస్తేనే ఇది నిలుస్తుంది.

కాపెల్ నేల, కాపెల్ వాతావరణం

తెలుగు నేలలో పసుపును తొలకరి ప్రాంతంలో నాటి, సంక్రాంతి తరువాత తవ్వుతారు. దుగ్గిరాల, కడప, నిజామాబాదు ప్రాంతాలలో ఇది పెద్ద పంట. జాతీయ పసుపు బోర్డును 2025 జనవరిలో నిజామాబాదులోనే ప్రారంభించారు. అక్కడి దీర్ఘకాలపు రకాలకు దాదాపు తొమ్మిది నెలలు కావాలి.

కాపెల్‌లో అంత వెచ్చని కాలం లేదు. అమెరికా వ్యవసాయ శాఖ వారి చలి పటంలో మనది 8వ మండలం. చివరి మంచు సాధారణంగా మార్చి నడుమ పోతుంది. మొదటి మంచు నవంబరు మూడు, నాలుగు వారాలలో పడుతుంది. ఆ నడుమ నికరంగా లభించే వెచ్చని కాలం ఏడు నెలలే. కనుక మొదటి రెండు నెలల పెరుగుదలను ఇంటిలోపలే సంపాదించుకోవాలి. కాపెల్‌లో పసుపు పెంపకానికి ఇదే ఆయువుపట్టు.

రెండవది నేల. మన పరిసరాలలో ఎక్కువ పెరళ్ళలో ఉన్నది నల్లని బంకమన్ను. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. సున్నపు గుణం కూడా ఎక్కువ. పసుపు దుంప అటువంటి నేలలో నీరు నిలిచి కుళ్ళుతుంది. అందువలన మొదటిసారి పెంచేవారు కుండీలోనే పెంచడం మేలు. పెరటి నేలలోనే పెంచదలచినవారు అడుగు ఎత్తున మడి కట్టి, అందులో కంపోస్టును, ఎక్స్‌పాండెడ్ షేల్ అనే పేరుతో ఇక్కడి తోట సామాను దుకాణాలలో అమ్మే కాల్చిన గుల్ల రాతిని కలపాలి. ఆ రాయి బంకమన్నును శాశ్వతంగా గుల్లబరుస్తుంది.

కొమ్ములను ఎంచుకోవడం

అన్నిటికంటె మంచి విత్తనం, ఇక్కడే ఒకటి రెండేండ్లు పెరిగిన మొక్క నుండి తెచ్చిన కొమ్ము. అది లభించనప్పుడు భారతీయ దుకాణాలలో దొరికే పచ్చి పసుపు కొనవచ్చును. ముడతలు లేకుండా, గట్టిగా, కణుపుల వద్ద చిన్న మొటిమల వంటి మొగ్గలతో ఉన్నవాటిని ఏరుకోవాలి. ఒక్కొక్క ముక్క 30 నుండి 40 గ్రాములు ఉండి, కనీసం రెండు మొగ్గలు కలిగి ఉండాలి. కోసిన ముక్కలను ఒక దినం నీడలో ఆరనిస్తే కోసిన చోట పొర కట్టి కుళ్ళు సోకదు. ఎండిన పసుపు కొమ్ములు ఉడకబెట్టినవి కనుక అవి మొలవవు.

భారతదేశం వెళ్ళి వచ్చేటప్పుడు పెట్టెలో పచ్చి కొమ్ములు వేసుకొని రావద్దని అందరికీ మనవి. నాటే నిమిత్తం దుంపలు తేవడానికి ఈ దేశంలో ఆరోగ్య ధ్రువపత్రం మొదలైన నిబంధనలు ఉన్నాయి. ప్రకటించకుండా తెస్తే విమానాశ్రయంలో తీసివేసుకొని జరిమానా వేయవచ్చును. దుంపలతో పాటు మట్టి, పురుగులు, తెగుళ్ళు వస్తాయన్నదే వారి భయం, అది న్యాయమైనదే. నాడు మూటలో వచ్చిన మొక్క నేడు ఇరుగు పొరుగు నుండి రావాలి.

ఇంకొక జాగ్రత్త. ఇక్కడి నర్సరీలలో హిడెన్ జింజర్, సియామ్ ట్యులిప్ అనే పేర్లతో అందమైన మొక్కలు అమ్ముతారు. అవి పసుపునకు దాయాదులు గాని, మనం వాడే పసుపు కాదు.

మొలక కట్టడం

ఫిబ్రవరి మొదటి వారంలో పని ఆరంభించాలి. లోతు తక్కువగా ఉండి అడుగున రంధ్రాలున్న తట్టలో తడిపి పిండిన కొబ్బరి పొట్టు పరచి, ముక్కలను మొగ్గలు పైకి ఉండేటట్లు పెట్టి, పైన ఒక అంగుళం పొట్టు కప్పాలి. పసుపు నిద్ర లేవడానికి 25 నుండి 30 డిగ్రీల వేడి కావాలి. గదిలోని వేడి చాలదు. నారు మొలకకు అమ్మే హీట్ మ్యాట్ కాని, నీళ్ళు కాచే యంత్రం ఉన్న అలమర వంటి వెచ్చని చోటు కాని ఉపయోగపడుతుంది. పొట్టు ఆరినప్పుడు మాత్రమే నీరు చిలకరించాలి. ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. మొలక రాలేదని రోజూ నీరు పోస్తే లోపల దుంప మెత్తబడుతుంది.

మూడు నుండి ఆరు వారాలలో సూది వంటి మొలక కనిపిస్తుంది. ఉగాది నాటికి ఆకు విప్పుతుంది. అప్పటి నుండి దక్షిణపు కిటికీ వద్ద వెలుతురులో ఉంచాలి.

నాటడం

శ్రీరామనవమి దాటి, ఏప్రిల్ రెండవ సగంలో, రాత్రి వేడిమి 13 డిగ్రీలకు తగ్గదని తేలిన తరువాత మొక్కలను బయటికి తేవాలి. మొదటి వారం నీడలోనే ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేయాలి.

కుండీకి లోతు కంటె వెడల్పు ముఖ్యం. కొమ్ములు ప్రక్కలకు సాగుతాయి కనుక అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉన్న కుండీ మూడు మొక్కలకు సరిపోతుంది. రెండు వంతుల కుండీ మట్టికి ఒక వంతు కంపోస్టు కలిపి, రెండు అంగుళాల లోతున నాటాలి. అడుగున నీరు పోవడానికి రంధ్రాలు తప్పనిసరి.

పెరటి మట్టి వాడదలచినవారు దానిని ముందుగా పరీక్ష చేయించడం ఉత్తమం. కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఎ అండ్ ఎమ్ అగ్రిలైఫ్ విస్తరణ సంస్థ వారి ప్రయోగశాల స్వల్ప రుసుముతో మట్టిని పరీక్షించి, సున్నపు గుణాన్ని, పోషకాలను తెలుపుతుంది.

వేసవి సంరక్షణ

పసుపు వేడిని కోరుతుంది గాని, 38 డిగ్రీలు దాటే మన జూలై, ఆగస్టుల పడమటి ఎండను ఓర్వలేదు. ఆకుల అంచులు మాడిపోతాయి. ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ దొరికే తూర్పు గోడ వైపు దీనికి తగిన చోటు. మన దేశంలో పసుపును కొబ్బరి నీడన, ఆముదం వరుసల నడుమ వేయడం ఇందుకే.

మట్టి పైన రెండు అంగుళాల మందాన ఎండుటాకులు కప్పాలి. ఓక్, పీకన్ ఆకులు ఇక్కడ ఉచితంగా లభిస్తాయి. మే నెలలో రెండు మూడు దినాలకు ఒకసారి, నడి వేసవిలో కుండీకి ప్రతి దినం ఉదయం నీరు పోయాలి. ఉప్పుతో నీటిని మృదువుగా చేసే యంత్రం ఉన్న ఇళ్ళలో ఆ నీటిని వాడరాదు. వాన నీరు పట్టి పోయగలిగితే మరీ మంచిది.

జూన్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి గుప్పెడు కంపోస్టు వేసి మట్టి ఎగదోయాలి. ఆగస్టులో పొటాషు ఉన్న ఎరువు కొద్దిగా వేస్తే దుంప ఊరుతుంది. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపుబారితే, సున్నపు నేలలో ఇనుము అందక వచ్చిన లోపమని గ్రహించి, నీటిలో కరిగే ఇనుప ఎరువు ఇవ్వాలి. ఆకు అడుగున సన్నని సాలెగూడు వంటి తీగలు కనిపిస్తే ఎర్రనల్లి పట్టిందన్నమాట. నీటి ధారతో ఆకు అడుగులు కడిగితే తగ్గుతుంది. మొదలు మెత్తబడి మొక్క ఒరిగితే దుంప కుళ్ళు. దానిని వెంటనే పీకివేసి, తక్కినవాటికి నీరు తగ్గించాలి.

పువ్వు

ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు, బాగా పెరిగిన మొక్క నడుమ నుండి ఒక కంకి లేస్తుంది. అది చిన్న పొలుసుల దొప్పలను పేర్చినట్లు ఉంటుంది. క్రింది దొప్పలు లేత ఆకుపచ్చ, పైవి తెలుపు, కొన్నింటి కొనలకు గులాబీ ఛాయ. చాలామంది వీటినే పువ్వులనుకొంటారు. నిజమైన పువ్వు క్రింది దొప్పల నడుమ నుండి లేత పసుపు వన్నెతో తొంగిచూసి, ఒక్క దినం నిలిచి వాడిపోతుంది. కంకి మాత్రం కొన్ని వారాలు ఉంటుంది.

మొదటి ఏడు పువ్వు రాలేదని చింతించవద్దు. చిన్న ముక్క నాటినప్పుడు మొక్క బలమంతా దుంపకే పోతుంది. పూసిన కంకిని దసరా, దీపావళి పూజలలో అమ్మవారికి సమర్పించవచ్చును. ఆకులను మలేషియా నుండి వచ్చిన మన కుటుంబాలు నేటికీ సన్నగా తరిగి కూరలో వేస్తారు. ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన పిండివంటకు మంచి సువాసన వస్తుంది.

తవ్వడం, ఎండబెట్టడం

అక్టోబరు చివర ఆకులు పసుపుబారడం ఆరంభిస్తాయి. అప్పటి నుండి నీరు తగ్గించాలి. మొదటి మంచుకు పైభాగం వాలిపోతుంది. ఎండిన ఆకులను కోసి, కుండీని అలాగే గ్యారేజీలో పెట్టి నీరు మానివేయాలి. ఇలా ఉంచితే భోగి నాడు తవ్వి, సంక్రాంతి పూజకు తాజా పచ్చి కొమ్ములు వాడుకోవచ్చును. నేలలో వదిలిన దుంపలు తేలిక చలికాలంలో బ్రతుకుతాయి గాని నమ్మకం లేదు. 2021 ఫిబ్రవరి 16న మన ప్రక్కనున్న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో చలి సున్నకు దిగువన 19 డిగ్రీలకు పడిపోయింది. అటువంటి రాత్రికి ఏ ఎండుటాకుల కప్పూ చాలదు.

మంచి సంరక్షణ ఉంటే ఒక్కొక్క మొక్కకు పావు కిలో వరకు పచ్చి పసుపు ఆశించవచ్చును. మూడు మొక్కల కుండీకి ముప్పాతిక కిలో. పచ్చి పసుపు ఎండితే అయిదవ వంతు మిగులుతుంది. కనుక ఒక కుండీ సంవత్సరమంతటి వంటకు చాలదు. కాని ఇంటి పూజకు, తీర్థానికి, శుభకార్యానికి చాలును.

పొడి చేయదలచినవారు కొమ్ములను కడిగి, మునిగేటంత నీటిలో ముప్పావు గంట నుండి గంట వరకు ఉడికించాలి. నురుగు లేచి, పుల్ల గుచ్చితే సులువుగా దిగినప్పుడు దించాలి. ఉడికించడం వలన రంగు దుంపంతటా సమంగా వ్యాపిస్తుంది, త్వరగా ఎండుతుంది. మన ఊళ్ళలో పది, పదిహేను దినాలు ఎండలో పోస్తారు. ఇక్కడి శీతాకాలపు ఎండ చాలదు కనుక బిళ్ళలుగా కోసి, పండ్లు ఎండబెట్టే విద్యుత్ యంత్రంలో 60 డిగ్రీల వద్ద ఆరబెట్టాలి. విరిస్తే టక్కున విరిగినప్పుడు ఎండినట్లు. పొడిని వెలుతురు తగలని సీసాలో ఉంచాలి. వెలుతురుకు పసుపు రంగు వెలిసిపోతుంది.

స్వంత పసుపు ఎందుకు?

ఆలయ సమితిగా మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇది. 2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బంగ్లాదేశ్‌లో కొందరు వ్యాపారులు కొమ్ములకు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే రంగు పూస్తున్నట్లు ప్రకటించారు. అది సీసం కలిసిన విషం. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. అక్కడి అధికారులు గట్టి చర్యలు తీసుకొన్నందున 2021 నాటికి ఆ కల్తీ దాదాపు తొలగిపోయింది. అమెరికాలో కూడా 2016లో సీసం కారణంగా కొన్ని పసుపు పొడులను అంగళ్ళ నుండి వెనుకకు తీసుకొన్నారు. సీసాన్ని కంటితో గాని, వాసనతో గాని, రుచితో గాని కనుగొనలేము. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే మార్గం.

ఇంకొకటి. పూజా సామగ్రి అరలో దొరికే పసుపు పొట్లాల మీద పూజకు మాత్రమే, తినరాదు అని ముద్రించి ఉంటుంది. ఆ పొడిని తీర్థంలో గాని, ప్రసాదంలో గాని వేయరాదు. పసిపిల్లల ముఖానికి రాయరాదు. తీర్థానికి తినదగిన పసుపునే, వీలైతే ఇంట పండిన పసుపునే తెచ్చి ఇవ్వవలసిందిగా భక్తులకు మనవి.

వ్రాసి పెట్టుకోవడం

1995లో అమెరికా పేటెంటు కార్యాలయం పసుపుతో గాయాలు మాన్పడాన్ని కొత్త ఆవిష్కరణగా గుర్తించి, మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. మన అవ్వలందరికీ తెలిసిన సంగతే అది. అందరికీ తెలుసునన్న మాటతో ఆ పేటెంటు పోలేదు. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి వారు ప్రాచీన గ్రంథాలను, 1953లో భారతీయ వైద్య సంఘ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని సాక్ష్యంగా చూపిన తరువాతనే 1997లో అది రద్దయింది. అచ్చులో ఉన్న అక్షరమే మన హక్కును నిలబెట్టింది.

తోటలలో బ్రతికిన మన పెద్దలు పసుపును ఎక్కడ నాటేవారో, ఏ నెలలో తవ్వేవారో, అమ్మోరుకు ఎలా సమర్పించేవారో ఇంకా చెప్పగలవారు మన నడుమ ఉన్నారు. వారిని అడిగి, వారి మాటలలోనే వ్రాసి ఇక్కడికి పంపండి. మొక్కకు కొమ్ము ఎటువంటిదో ఆచారానికి ఆ మాట అటువంటిది.

విత్తనం దాచడం, పంచడం

తవ్విన దానిలో అయిదవ వంతును విత్తనానికి తీసిపెట్టాలి. మూడు మొక్కల కుండీ నుండి 150 గ్రాములు, అనగా నాలుగైదు ముక్కలు. కడగకుండా, మన్ను దులిపి, పొడి ఇసుకలోనో కొబ్బరి పొట్టులోనో పెట్టి, 13 డిగ్రీలకు తగ్గని గదిలో ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టరాదు. ఫిబ్రవరిలో వాటిలో మూడు మీ కుండీకి, మిగిలినవి పసుపు లేని ఇంటికి. ఇచ్చేటప్పుడు ఈ కొమ్ము ఎవరి ఇంటి నుండి వచ్చిందో, వారికి ఎవరు ఇచ్చారో ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. తీసుకొన్నవారు దాని క్రింద తమ పేరు వ్రాసుకోవాలి.